పళ్ళు దిగే లోతు

ఆ వర్క్‌షాపులో అందరూ ఆమెను లెక్కలమ్మ అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆమెకు కోపం రాకపోగా, ఎవరైనా పొరపాటున అసలు పేరు పెట్టి పిలిస్తే రెండోసారి పిలిచేదాకా పలికేది కాదు. ఏ ఇనుము దేన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో కాగితం మీద తేల్చి, చివర ఒక అంకె చెప్పడం ఆమె పని. బిగింపు బలం చూపించే రెంచి మీద ఆ అంకె పెట్టి బోల్టులు బిగించడం ఆమె భర్త పని. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందని అడిగితే ఇద్దరూ నవ్వి ఊరుకునేవారు గానీ, వర్క్‌షాపులో మాత్రం ఆమె మాటకు తిరుగులేదు.

దానికో కారణం ఉంది. పెళ్ళైన కొత్తలో ఆయన కూడా అందరు ఫిట్టర్లలాంటివాడే. ఒకసారి ఆమె చెప్పిన అంకె మీద "ఎందుకైనా మంచిది" అని ఇంకో నలభై బిగించాడు. ఇనుప కడ్డీని కరిచి పట్టే క్లాంపు పళ్ళు గట్టివే, కానీ గట్టిదాంతో వచ్చే చిక్కే అది, వంగడం దానికి చేతకాదు, విరగడమే వచ్చు. ఒక పన్ను కొస పుటుక్కున విరిగి ఎగిరొచ్చి ఆయన చెంప చీరేసింది. రెండు వేళ్ళు పైన తగిలితే కన్ను పోయేదే. కుట్లు వేయించుకుని ఇంటికొచ్చినరోజు, మూతి సరిగ్గా కదలకపోయినా, భార్యకు మాటిచ్చాడు. "ఇకమీదట నువ్వు చెప్పిన అంకె మీద ఒకటి ఎక్కువా తిప్పను, ఒకటి తక్కువా తిప్పను."

పదకొండేళ్ళు ఆ మాట మీదే నిలబడ్డాడు. మేస్త్రి ఎన్నిసార్లు వెక్కిరించినా పట్టించుకోలేదు. లెక్కలమ్మకు లోలోపల అదో గర్వం. ఎంతమంది ఆడవాళ్ళకు దక్కుతుంది చెప్పండి, మొగుడు అక్షరాలా మాట వినడం!

ఆ గర్వమే ఆ రోజు పదిన్నరకు ఆమె గుండెల మీద కుంపటైంది.

ఆ రోజు పని కాలవ మీది గేటు దగ్గర. తొమ్మిది టన్నుల ఇనుప గేటు, మణికట్టంత లావు కడ్డీ ఒక్కదానికి వేలాడుతుంది. పైనున్న గదిలో ఆ కడ్డీని ఎత్తి దించే పెద్ద నట్టు అరిగిపోయింది. నట్టు మార్చాలంటే గేటును మోకాలెత్తున ఆపి, దాని కింద రెండు ఇనుప పీటలు వేసి, బరువంతా వాటి మీద కూర్చోబెట్టాలి. పీటలు వేయాలంటే అడుగున పేరుకున్న బురద తవ్వాలి. ఎవరో ఒకరు గేటు కిందికి దూరి తవ్వాల్సిందే. పైకప్పు దూలం తుప్పు పట్టి ఉంది కాబట్టి గొలుసు వేసి అదనంగా పట్టి ఉంచే వీలు లేదు. అంటే పీటలు పడేదాకా, ఆ రెండు మూడు గంటలు, తొమ్మిది టన్నుల్నీ పట్టి ఉంచేది పై గదిలో కడ్డీకి బిగించిన క్లాంపు ఒక్కటే. దానికి రెండు దవడలు, దవడకు పద్నాలుగు పళ్ళు.

పళ్ళు కడ్డీలోకి ఎంత లోతు దిగాలన్నదే లెక్క. మెత్తటి ఉక్కును గట్టి పన్నుతో నొక్కితే అది పగలదు, గట్టిగా కలిపిన పిండిలా పక్కకు జరుగుతుంది. దిగేకొద్దీ పన్ను వెడల్పవుతుంది కాబట్టి ఆనుకునే చోటు పెరుగుతుంది, నొక్కే బలం చాలినంతవరకే దిగి ఆగిపోతుంది. కాబట్టి ఆ ఉక్కు గట్టిదనం ఎంతో తెలిస్తే, పన్ను కింద పడే చోటుతో గుణిస్తే, కావలసిన బలం వచ్చేస్తుంది. ఆమె మూడు కాగితాల మందం దిగాలని లెక్క కట్టింది. రెండున్నర కంటే తగ్గితే పట్టు చాలదు, జారుతుంది. మరీ ఎక్కువ బలం పెడితే పళ్ళే విరుగుతాయి. క్లాంపు మీద చెక్కి ఉన్న హద్దు మూడు వందలు. ఆమె తేల్చిన అంకె నూట ఎనభై. పొద్దున్నే ఆయన టిఫిన్ క్యారియర్ తగిలించుకుని వెళ్తూ "నూట ఎనభై కదూ?" అని అడిగాడు. "నూట ఎనభై" అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఇప్పుడు ఆమె బల్ల దగ్గర కూర్చుని ఇంకో పనికి కాగితాలు సర్దుకుంటోంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా మీద ఒక ఉక్కు బిళ్ళ పెట్టుకుంది. అది ఆ గేటు కడ్డీ కొసనుంచి కోసుకొచ్చిన ముక్కే. గట్టిదనం చూసే యంత్రం వర్క్‌షాపులో ఉంది, కడ్డీ కాలవ దగ్గరుంది, అందుకని కడ్డీ పైకొస నుంచి ఒక బిళ్ళ కోసుకురమ్మని మూడు రోజుల కిందట మరిదిని పంపింది. వర్క్‌షాపు స్టోరు చూసేది మరిదే. దాన్ని యంత్రం కింద పెట్టి చూస్తే నూటముప్పై వచ్చింది. లెక్కంతా ఆ నూటముప్పై మీదే నడిచింది.

ఫ్యాను గాలికి ఒక కాగితం జారి కింద పడబోయింది. ఆమె బిళ్ళ తీసి పట్టుకుంది. అడుగువైపు పైకి తిరిగింది. పైవైపు అద్దంలా మెరుస్తున్న బిళ్ళకు అడుగున, అంచు చుట్టూ, నీలం రంగు చార ఒకటి కనిపించింది. దాని పక్కనే ఎండుగడ్డి రంగు.

ఉక్కు ఊరికే నీలంగా మారదు. బాగా కాలితేనే మారుతుంది.

"ఏయ్, ఒకసారి ఇటు రా" అని కేకేసింది. మరిది చేతిలో టీ గ్లాసుతో వచ్చాడు.

"ఏంటి వదినా?"

"ఈ ముక్క దేంతో కోశావు?"

"దేంతో కోస్తే ఏముంది, తెగిందిగా."

"హాక్సా రంపంతోనా, గ్యాసు మంటతోనా?"

"హాక్సాతో అయితే గంటన్నర పట్టేది, చెయ్యి పడిపోయేది. గ్యాసుతో రెండు నిమిషాల్లో అవగొట్టా" అన్నాడు మరిది, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ. "నల్లగా మాడింది, నీ బల్ల మీద ఏం బావుంటుందని ఎమెరీ కాగితం పట్టి మెరిపించి మరీ ఇచ్చా."

ఆ కడ్డీ చల్లగా ఉండగానే అచ్చులోంచి లాగి సాపు చేసిన రకం. అలా లాగితే ఉక్కుకు బిర్రు వస్తుంది, మామూలు కంటే గట్టిపడుతుంది. గ్యాసు మంట తగిలిన చోట ఆ బిర్రంతా సడలిపోతుంది. అంటే తను యంత్రం కింద పెట్టి చూసింది కాలి మెత్తబడిన ముక్కని. గేటును మోస్తున్న కడ్డీ దానికంటే ఎంతో గట్టిది. ఆ బలానికి పళ్ళు అందులో మూడు కాగితాలు దిగవు. మహా దిగితే రెండు.

"నూట ఎనభైకి చాలదు" అంది, మరిదితో కాదు, తనతోనే. "జారుతుంది."

"ఏంటి జారేది?"

"గేటు! మీ అన్నయ్య దాని కింద ఉన్నాడు!"

మరిది గ్లాసు బల్ల మీద పడేసినట్టు పెట్టాడు, టీ కాస్తా కాగితాల మీద ఒలికింది. ఆమె అప్పటికే ఫోన్ చేస్తోంది. భర్త ఫోను ఎత్తలేదు. బురదలోకి దిగేటప్పుడు దాన్ని టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టి వెళ్తాడని ఆమెకు తెలుసు. మేస్త్రికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. నీళ్ళు తోడే పంపు పక్కన నిలబడ్డ మనిషికి ఫోనేం వినిపిస్తుంది, పిడుగు పడ్డా వినిపించదు.

"బండి తియ్" అంది.

వెళ్తూ వెళ్తూ సంచిలో నాలుగు వస్తువులు వేసుకుంది. ఆ నీలం చార బిళ్ళ, కొత్త బేరింగు గుండు ఒకటి, చేత్తో తిప్పే సి-క్లాంపు, సన్నటి కొలతలు చూసే వెర్నియర్. నోటుపుస్తకం ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. మరిది బండి తోలుతూ "నేను చంపేశానా వదినా, అన్నయ్యని నేనే చంపేశానా" అని ఒకటే గొణుగుడు.

"నోర్ముయ్. రోడ్డు చూసి నడుపు" అంది ఆమె. వాణ్ణి తిట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. హాక్సాతో కొయ్యమని చెప్పి పంపిందా తను? చెప్పలేదు. ముక్క తెచ్చిన రోజు తిరగేసి చూసిందా? చూడలేదు. పైవైపు మెరిసిపోతుంటే చాలనుకుంది. ఎదురుగాలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి గాలి వల్ల కాదని ఆమెకు బాగానే తెలుసు.

కాలవ గట్టు మీద గేటు గది. కింద లోతుగా గోతి, గోడకు నలభై మెట్ల ఇనుప నిచ్చెన. పంపు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. గదిలో కడ్డీ పక్కన మేస్త్రి స్టూలు మీద నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. పాత నట్టు అప్పుడే రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. ఇక వెనక్కి బిగించే దారి కూడా లేదు.

"మా ఆయనేడి?" అని అరిచింది.

"కిందే. దగ్గరి పీట గోతి తవ్వేశాడు, ఇప్పుడు గేటు కిందనుంచి అవతలకి దూరాడు, రెండోది తవ్వడానికి. ఏమ్మా, ఇలా వచ్చావు?"

కడ్డీ వైపు చూసింది. భర్త అలవాటు ఆమెకు తెలుసు. ఏ క్లాంపు బిగించినా దానికి వేలెడు వెడల్పు పైన కడ్డీ చుట్టూ సుద్దగీత గీస్తాడు. కడ్డీ జారితే గీత క్లాంపుకు దగ్గరవుతుంది. ఇప్పుడు ఆ సందులో వేలు కాదు, పెన్సిలైనా పట్టేలా లేదు. వెర్నియర్ పెట్టి చూసింది. పన్నెండు ఉండాల్సిన చోట అయిదు మిల్లీమీటర్లున్నాయి.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు దీన్ని?"

"గంట కిందట చూస్తే రెండు మిల్లీమీటర్లు దిగి ఉంది. కొత్తగా బరువు పడితే సర్దుకోవడం మామూలే కదా అనుకున్నా" అన్నాడు మేస్త్రి. ఆమె మొహం చూశాక అతని మొహమూ మారింది. "అప్పుడప్పుడూ టిక్కుమంటోంది. పంపు చప్పుడేమో అనుకున్నానమ్మా."

మొదటి గంటలో రెండు, రెండో గంటలో అయిదు. జారుడు వేగం పుంజుకుంటోంది. జారేకొద్దీ పళ్ళు కడ్డీని గీరతాయి, గీరిన పొడి పళ్ళ సందుల్లో చేరుతుంది. సందులు పూడుకుపోతే ఇక అవి పళ్ళు కావు, బోసినోరు.

"నేను పొద్దునే చెప్పాను" అన్నాడు మేస్త్రి గొంతు పెంచి. "నూట ఎనభై నాకెందుకో ఆనడం లేదు, ఇంకో అరవై బిగిద్దాం అన్నాను. వింటేగా! 'మా ఆవిడ చెప్పిందంటే చెప్పినట్టే, ఒకటి ఎక్కువ తిప్పను' అన్నాడు. రెంచి నా చేతికి కూడా ఇవ్వలేదు."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పదకొండేళ్ళుగా మురిసిపోయింది దీనికేనా? కానీ ఏడ్చే టైము కాదది.

గేటు ఇప్పుడు పడితే ఆయన అవతలే ఉండిపోతాడు. అవతల పలకలతో కట్టిన అడ్డుకట్ట, దాని సందుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ నీళ్ళు తోడే పంపు గొట్టం గేటు కిందనుంచే వెళ్తుంది. గేటు పడితే గొట్టం నలిగి, ఆ ఇరుకులో నీళ్ళు నిండుతాయి. పోనీ ఇప్పుడే వచ్చెయ్యమంటే, రావాల్సిన దారి గేటు కిందనుంచే. బురదలో వెల్లకిలా పడుకుని పాకుతూ రావాలి, నాలుగయిదు నిమిషాలు ఒళ్ళంతా గేటు అంచు కిందే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నువ్వు కిందికి దిగు" అంది మరిదితో. "గేటు సందులోంచి కేకెయ్. ఉన్నచోటే ఉండమను. నేను చెప్పేదాకా గేటు కిందికి చెయ్యి కూడా పెట్టొద్దని చెప్పు. గోడకు ఆనుకుని నిలబడమను."

మరిది నిచ్చెన పట్టుకుని దడదడా దిగిపోయాడు.

మేస్త్రి రెంచి అందుకున్నాడు. "ఇంకేం చూస్తావు, మూడొందలు కొట్టేద్దాం."

"ముట్టుకోకండి!" అంది ఆమె. ఆయన పెద్దవాడని కూడా చూడలేదు, చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది ఎంత గట్టిదో తెలీకుండా హద్దుదాకా మూడొందలు పెడితే, గీరుకుని దెబ్బతిన్న ఈ పళ్ళు విరుగుతాయి. ఒక్క వరస విరిగినా గేటు పోతుంది. ఆయన చెంప ఎందుకలా ఉందో మర్చిపోయారా?"

"మరి ఎంత గట్టిదో ఎట్లా తెలుస్తుంది? యంత్రం ఇక్కడ లేదుగా!"

"ఇదుంది" అని బిళ్ళ తీసింది.

ఆమె తెచ్చుకున్న ఉపాయం చిన్నదే. బేరింగు గుండును కడ్డీకీ బిళ్ళకూ మధ్య పెట్టి సి-క్లాంపుతో నొక్కితే, గుండు రెంటి మీదా ఒకే బలంతో నొక్కుకుంటుంది. రెంటి మీదా గుంటలు పడతాయి. మెత్తటి దాని మీద పెద్ద గుంట, గట్టిదాని మీద చిన్న గుంట. బిళ్ళ గట్టిదనం నూటముప్పై అని ముందే తెలుసు కాబట్టి, రెండు గుంటలూ కొలిస్తే కడ్డీది తెలిసిపోతుంది. తప్పు లెక్కకు కారణమైన ముక్కే ఇప్పుడు సరైన లెక్కకు కొలబద్ద. సుత్తితో కొడితే ఇంకా తొందరగా అయ్యేది, కానీ జారుతున్న కడ్డీ మీద సుత్తి వేసే ధైర్యం ఆమెకు లేదు.

"బిళ్ళ పట్టుకోండి. కదపొద్దు" అంది. మేస్త్రి పట్టుకున్నాడు. ఆమె సి-క్లాంపు పిడి తిప్పింది. ఒకసారి, రెండుసార్లు, ఇక తిరగనన్నప్పుడు చీరకొంగు పిడికి చుట్టి ఇంకో అరచుట్టు.

టిక్.

పంపు చప్పుడు కాదు అది. ఇద్దరికీ వినిపించింది. ఆమె సుద్దగీత వైపు చూడలేదు. చూస్తే చేతులాడవని తెలుసు.

సి-క్లాంపు విప్పింది. కడ్డీ మీద గుంట, వెర్నియర్ పెట్టి చూస్తే రెండు పాయింట్ ఆరు. బిళ్ళ మీద గుంట మూడు పాయింట్ ఒకటి. నోటుపుస్తకం స్టూలు మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని గబగబా గుణించింది. పెన్సిలు విరిగింది. "పెన్సిల్!" అంది. మేస్త్రి జేబులోని సుద్దముక్క ఇచ్చాడు. మిగతాది సిమెంటు నేల మీదే వేసింది. ముప్పై ఒకటిని ముప్పై ఒకటితో గుణించు. ఇరవై ఆరును ఇరవై ఆరుతో గుణించు. భాగించు. నూట ఎనభైతో గుణించు. మళ్ళీ కిందినుంచి పైకి వేసి చూసుకుంది. రెండొందల యాభై ఆరు.

కిందనుంచి మరిది కేక వినిపించింది. "వదినా! అన్నయ్య అడుగుతున్నాడు, ఎంత అని!"

"ఎంతేంటి?"

"అంకె ఎంత అని! నువ్వే లెక్క వేశావా అని అడుగుతున్నాడు! నువ్వే వేస్తే ఆగుతాడట, మేస్త్రి వేస్తే ఇప్పుడే పాకుతూ వచ్చేస్తాడట!"

మేస్త్రి మొహం మాడింది. అంత భయంలోనూ ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఈ మనిషిని ఏం చెయ్యాలి? తన అంకె నమ్మినందుకే చావు అంచుదాకా వచ్చాడు, మళ్ళీ అదే అంకె కోసం అడుగుతున్నాడు.

"నేనే వేశానని చెప్పు!" అని అరిచింది. "రెండొందల అరవై!"

రెంచి ఆమె ఎత్తులో సగానికి పైనే ఉంది. గీత చూడమని మేస్త్రికి వెర్నియర్ ఇచ్చి ఆమే పట్టుకుంది. నాలుగు బోల్టులు. ఒకేసారి ఒక్కదాన్నే రెండొందల అరవైకి లాగితే దవడ ఒక పక్కకు ఒరుగుతుంది, అందుకని ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. ముందు నాలుగూ రెండొందలకు. ఆమె రెంచి పిడి మీద ఒళ్ళంతా వేసి లాగింది. మొదటి బోల్టు కిర్రుమంది.

టిక్. గీత ఇంకో వెంట్రుకవాసి దిగింది.

"ఎంతుంది?" అంది, తల తిప్పకుండా.

"మూడు" అన్నాడు మేస్త్రి. గీత దగ్గర మొహం పెట్టి వెర్నియర్‌తో చూస్తున్నాడు.

ఎదురు బోల్టు. తర్వాత పక్కది. తర్వాత దాని ఎదురుది. నాలుగూ రెండొందలు. మళ్ళీ మొదటి దగ్గరికి, రెండొందల ఇరవై. అరిచేతుల్లో తోలు ఊడింది. చెమట కళ్ళలోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంది.

"రెండున్నర."

"ఇంకా దిగుతోందా?"

"ఆగు… చూడనీ… రెండున్నరే."

రెండొందల నలభై. ఇప్పుడు దవడల లోపలనుంచి చప్పుడు మారింది. టిక్కుమనడం కాదు, అడుగున ఎక్కడో గట్టి వక్క కొరికినట్టు, చిన్నగా, మెల్లగా. పళ్ళు దిగుతున్నాయి. విరిగితే ఆ చప్పుడు వేరు, అది ఆమెకు పదకొండేళ్ళుగా కలలో కూడా తెలుసు. నాలుగూ నలభై అయ్యాయి. తర్వాత అరవై. ఆఖరి బోల్టు అరవైకి వచ్చేసరికి ఆమె రెంచికి వేలాడినట్టే అయింది.

"రెండున్నర" అన్నాడు మేస్త్రి. "రెండున్నర. కదల్లేదమ్మా, కదల్లేదు!"

ఆమె అప్పుడు గోడ గడియారం చూసింది. పది నిమిషాలు ఆగుదాం అంది. నిమిషానికోసారి వెర్నియర్. రెండున్నర. రెండున్నర. అయిదో నిమిషంలో ఆమె లేచి, మేస్త్రి కిందికి తొంగి మరిదితో ఏదో చెబుతుండగా, రెంచి తీసుకుని మళ్ళీ నాలుగు బోల్టుల చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చి కూర్చుంది. పది నిమిషాలయ్యాక కూడా రెండున్నరే.

"ముందు అవతలి పీట వెయ్యమను" అంది. "అది పడ్డాకే రమ్మను."

పారతో బురద తోడుతున్న చప్పుడు, ఇనుప పీట నేలకు తగిలిన చప్పుడు, నలభై నిమిషాలు. తర్వాత మరిది గొంతు. "అన్నయ్య వస్తున్నాడు!"

ఆ నాలుగు నిమిషాల గురించి ఆమె తర్వాత ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. సుద్దగీతకూ క్లాంపుకూ మధ్య చిటికెనవేలి గోరు పెట్టి కూర్చుంది. గీత దిగితే వెర్నియర్ కంటే ముందు గోరుకే తెలుస్తుందని. అలా గోరు పెడితే తొమ్మిది టన్నుల గేటు ఆగుతుందని కాదు, కానీ ఆ నిమిషంలో ఆమెకు లెక్కలేవీ గుర్తు లేవు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి తలుచుకుందో ఆమెకే తెలియాలి.

"వచ్చేశాడు!" అని మరిది అరిచిన అరుపు పంపు చప్పుణ్ణి కూడా మింగేసింది. ఆ తర్వాత ఇటువైపు పీట కూడా పడింది. మేస్త్రి మిగతా పని చూసుకున్నాడు, బోల్టులు కొంచెం కొంచెంగా వదిలి గేటును పీటల మీద కూర్చోబెట్టాడు, పంపు ఆపేశాడు.

ఆయన నిచ్చెనెక్కి వచ్చేసరికి మనిషి ఆనవాలు లేడు, నెత్తి నుంచి కాళ్ళదాకా బురద. కళ్ళు రెండూ, చెంప మీద గాటూ మాత్రం కనిపిస్తున్నాయి. వచ్చి ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఆమె కొంగుతో ఆయన చెవుల్లో బురద తుడవడం మొదలుపెట్టి, తుడుస్తూ తుడుస్తూ ఒక్కసారిగా భోరుమంది. ఆయన బురద చేత్తో ఆమె వీపు నిమిరాడు, రవికె పాడవుతుందని కూడా చూడలేదు.

మరిది ఒక మూల నిలబడి "అన్నయ్యా, తప్పు నాదే" అన్నాడు.

"నీ ఒక్కడిదే కాదు, నాదీ" అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. "ఇకనుంచి అంకె అడిగే ముందు, ముక్క దేంతో కోశారో అడగండి. వింటున్నారా? గుడ్డిగా వినొద్దు నా మాట. మేస్త్రిగారు అరవై ఎక్కువ బిగిద్దామన్నప్పుడు నాకు ఫోన్ చేసి ఎందుకు అడగలేదు మీరు?"

"అడిగితే నిన్ను అనుమానించినట్టు ఉంటుందని."

"అనుమానించండి! చచ్చిపోయి నన్ను గౌరవిస్తారా?"

ఆయన నవ్వాడు. లేచి కడ్డీ దగ్గరికి వెళ్ళాడు. క్లాంపు తీసేశారు కాబట్టి పళ్ళ గాట్లు కనిపిస్తున్నాయి. కింద పొడుగ్గా, పిల్లి గోళ్ళతో గీరినట్టు తేలిక గీతలు. వాటి పైకొసన ఒక్కొక్కటీ చక్కగా, లోతుగా దిగిన గాట్లు. ఆయన గోటితో మొదటివి తడిమాడు. "ఇది నూట ఎనభై" అన్నాడు. పై వాటిని తడిమాడు. గోరు అందులో దిగి ఆగింది. అక్కడే కాసేపు ఉంచాడు.

తర్వాత వచ్చి మళ్ళీ పక్కన కూర్చుని, మేస్త్రికి వినపడకుండా అడిగాడు. "రెండో అంకె లెక్క వేసి చెప్పావా, భయపడి చెప్పావా?"

"లెక్క వేసే చెప్పా. అదిగో నేల మీద ఉంది, చూసుకోండి. రెండొందల యాభై ఆరు వచ్చింది, రెంచి మీద అరవై పెట్టా."

"ఆ గాట్లు అరవైవి కావు."

పదకొండేళ్ళుగా ఆమె అంకెల్ని చేతులతో చదివిన మనిషి. ఆమె తల దించుకుంది. తోలూడిన అరిచేతుల వైపు చూసుకుంది.

"డెబ్బై" అంది. "మేస్త్రి అటు తిరిగినప్పుడు నాలుగింటికీ ఇంకో పదేసి తిప్పా."

"ఆ పది ఏ లెక్క?"

"ఏ లెక్కా లేదు. ఎందుకైనా మంచిదని."

ఆయన చెంప మీది గాటు గోక్కున్నాడు. తర్వాత ఆమె చెవి దగ్గరికి వంగి, "ఈ సంగతి మేస్త్రికి మాత్రం చెప్పకు" అన్నాడు. "రేపట్నుంచి వాడి ముందు తలెత్తుకు తిరగలేను."